సరుకు ఓడల బడి నుంచి నౌకాదళ పీఠం దాకా



నల్లగొండ బస్టాండులోనో, మహబూబ్‌నగర్ బస్టాండులోనో బస్సు కోసం ఎదురుచూస్తూ ఈ ప్రసంగం వింటున్నవాళ్లు కొందరైనా ఉంటారు. మీకు ఒక పెద్దమనిషి గురించి చెప్పాలి. ఒకప్పుడు మన ఆర్టీసీకి, అంటే అప్పటి ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీకి, ఆయన చైర్మన్‌గా పనిచేశారు. ఆ కుర్చీలోకి రాకముందు ఆయన ఏం చేసేవారో తెలుసా? భారత నౌకాదళానికి అధిపతి. మన నౌకాదళాన్ని నడిపిన మొట్టమొదటి భారతీయుడు. ఆయన పేరు రామ్‌దాస్ కటారి. వైస్ అడ్మిరల్ రామ్‌దాస్ కటారి.

ఆ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ మళ్లీ వస్తుంది. కటారి నేరుగా యుద్ధనౌకల్లో చేరి పైకి వచ్చిన మనిషి కారు. ఆయన చదివింది సరుకు ఓడల చదువు. చేసింది రేవు కొలువు. యుద్ధం వచ్చినప్పుడు రిజర్వు అధికారిగా యూనిఫాం వేసుకున్నారు. రిజర్వు అధికారి అంటే, మామూలు రోజుల్లో తన ఉద్యోగం తాను చేసుకుంటూ, దేశం పిలిచినప్పుడు సైన్యంలోకి వచ్చే అధికారి. ఇవాళ మనం మాట్లాడుకునేది అట్లాంటి మనుషుల గురించే. ఓడ నడిపే పని చేతిలో ఉండి, పిలుపు వస్తే యూనిఫాం తొడుక్కునేవాళ్ల గురించి.

మీలో కొందరికి ఒక సందేహం రావచ్చు. నల్లగొండకు, పాలమూరుకు సముద్రంతో ఏం సంబంధం అని. మనకు ఏ దిక్కు చూసినా గుట్టలే. బోరు వేస్తే నీళ్లు పడతాయో లేదో తెలియని నేల మనది. నిజమే. కానీ కృష్ణమ్మ మన గుండానే పోతుంది కదా. తంగిడి దగ్గర తెలంగాణలో అడుగుపెట్టి, జూరాల, బీచుపల్లి, సోమశిల దాటి, శ్రీశైలం, నాగార్జునసాగర్ మీదుగా సాగి, హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తుంది. అంతేకాదు. మన ఇంట్లో వంటనూనె, మన బండిలో డీజిలు, మన పొలంలో చల్లే పొటాషు ఎరువు, వీటిలో చాలా భాగం ఓడ మీద వచ్చిందే. సముద్రం మన గడపకు దూరమే. అయినా సముద్రం మీద ఓడ ఆగితే మన పొలం దగ్గర పని ఆగుతుంది. అందుకే ఈ విషయం మనదీ.

సరే, కటారి దగ్గరికి వద్దాం.

ఆయన 1911లో చెంగల్పట్టులో పుట్టారు. ఆయన కుర్రతనంలో మన దేశపు పిల్లలకు ఓడ మీద అధికారి కావడం దాదాపు కుదరని పని. ఓడలో బొగ్గు ఎత్తేది మనవాళ్లు, మరలు తుడిచేది మనవాళ్లు, వంట చేసేది మనవాళ్లు. చుక్కాని దగ్గర నిలబడి ఆజ్ఞ ఇచ్చేది మాత్రం తెల్లదొర. ఇది ఇట్లా ఉండకూడదని ఆనాటి మన పెద్దలు పట్టుబట్టారు. ఆ పట్టుదల వల్ల 1927లో బొంబాయి రేవులో ఒక పాత ఓడను బడిగా మార్చారు. దాని పేరు డఫరిన్. లంగరు వేసిన ఓడే పాఠశాల. పిల్లలు అందులోనే ఉండాలి, అందులోనే చదవాలి, తాళ్లు ముడివేయడం దగ్గర నుంచి నక్షత్రాలు చూసి దారి కట్టడం దాకా అన్నీ అక్కడే నేర్చుకోవాలి. వాణిజ్య నౌకలకు భారతీయ అధికారులను తయారుచేయడానికి పెట్టిన బడి అది. ఆ బడి మొదటి జట్టులో చేరిన కుర్రవాళ్లలో కటారి ఒకరు.

డఫరిన్ చదువు అయ్యాక ఆయన కలకత్తా చేరారు. హుగ్లీ నది మీద, రేవు అధికారుల దగ్గర కొలువు.

ఇక్కడ కొంచెం ఆగి హుగ్లీ గురించి చెప్పాలి. ఆ నది మామూలు నది కాదు. సముద్రం నుంచి కలకత్తా రేవుకు ఓడ రావాలంటే ఆ నదిలో నుంచే, మైళ్ల కొద్దీ, ఎదురెక్కి రావాలి. అడుగున ఇసుక. ఆ ఇసుక ఉన్నచోట ఉండదు. నిన్న ఓడ పోయిన దారిలో ఇవాళ మేట వేసి ఉండవచ్చు. జేమ్స్ అండ్ మేరీ అని అక్కడ ఒక ఇసుక మేటకు పేరు. 1694లో అక్కడ మునిగిపోయిన ఓడ పేరే దానికి మిగిలింది. ఓడ అడుగు ఆ ఇసుకలో తగిలిందంటే, ప్రవాహం పక్కనుంచి నెట్టి ఓడను బోర్లా తిప్పేస్తుంది. తర్వాత ఇసుక మింగేస్తుంది.

అట్లాంటి నదిలో లోతు కొలిచేవాళ్లు రోజూ కొలవాలి. ఎక్కడ ఎంత నీరు ఉందో పటం మీద గీయాలి. ఆ పటం చూసుకుని ఓడను పైకి తెచ్చేవాళ్లు తేవాలి. సోమశిల దగ్గర పుట్టి నడిపే మన పెద్దలు వెదురు గడ నీళ్లలోకి దించి, చేతికి తగిలిన బరువును బట్టి కింద బండ ఉందా, ఒండ్రు ఉందా చెప్పగలరు. హుగ్లీ మీద పని కూడా ఆ కోవలోదే. కాకపోతే అక్కడ వేల టన్నుల ఓడ, దాని నిండా మనుషులు, సరుకు, ఆ లెక్క మీద ఆధారపడి ఉంటాయి. లెక్క ఒక్క అడుగు తప్పితే ఓడ పోతుంది.

ఇది చదివి నేర్చుకునే పని కాదు. ఏళ్ల తరబడి నీటి మీద ఉంటేనే వచ్చే పని. ఈ మాట మళ్లీ చెప్తాను, ఎందుకంటే ఇవాళ్టి ప్రసంగానికి ఇదే ఆయువుపట్టు. ఓడ పని ఏళ్ల తరబడి నీటి మీద ఉంటేనే వస్తుంది. యుద్ధం ప్రకటించిన మర్నాడు డబ్బు పెట్టి కొనలేం. ఆరు నెలల శిక్షణతో పుట్టించలేం. ముందే ఎవరి చేతుల్లో ఆ పని ఉందో, వాళ్లను గుర్తించి, పేరు రాసి పెట్టుకోవాలి.

1939లో రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది. అప్పటికి మన నౌకాదళం ఎంత చిన్నదో వింటే ఆశ్చర్యపోతారు. రాయల్ ఇండియన్ నేవీ అనేవారు. అందులో అధికారులు మొత్తం 114 మంది. 114 మందే! ఇంత పొడవైన తీరం, ఇన్ని రేవులు, చుట్టూ హిందూ మహాసముద్రం. శత్రువు జలాంతర్గాములు, సముద్రంలో పరిచిన మందుపాతరలు. ఆ 114 మందితో ఏం చేస్తారు?

అప్పుడే రిజర్వు పనికొచ్చింది. అందులో రెండు రకాలు. మొదటిది, వృత్తిరీత్యా సముద్రం మీద బతికేవాళ్లది. సరుకు ఓడల అధికారులు, రేవు కొలువుల్లో ఉన్నవాళ్లు ఇందులోకి వచ్చేవారు. రెండోది వాలంటీర్లది. ఓడ వృత్తి కాకపోయినా ఉత్సాహంతో చేరినవాళ్లు, ఇతర ఉద్యోగాల వాళ్లు ఇందులో ఉండేవారు. చొక్కా చేతి మీద బంగారు పట్టీలు చూస్తేనే ఎవరు ఎవరో తెలిసిపోయేది. పూర్తికాలపు నౌకాదళ అధికారికి తిన్నని పట్టీ. సరుకు ఓడల నుంచి వచ్చిన రిజర్వు అధికారికి జడ అల్లినట్టు ఉండే పట్టీ. వాలంటీరుకు అల అల్లాడినట్టు వంకర పట్టీ. కటారి చేతి మీద అల్లిక పట్టీ ఉండేది. అంటే, ఆయన వచ్చేటప్పటికే సముద్రం తెలిసిన మనిషి అని అర్థం.

యుద్ధం నడిచిన ఆ ఆరేళ్లలో రిజర్వు అధికారులు ఏం చేశారు? ఒక్క సంఘటన చెప్తాను. నేను ఎప్పుడు చదివినా లేచి నిలబడాలనిపించే సంఘటన ఇది.

1942 నవంబరు 11. హిందూ మహాసముద్రం నడిమధ్య, ఆస్ట్రేలియా వైపు నుంచి మన వైపుకు రెండు ఓడలు వస్తున్నాయి. ఒకటి ఒండినా. డచ్చి వాళ్ల చమురు ఓడ. అంటే సరుకు ఓడే. దాని మీద ఆత్మరక్షణకు ఒక ఫిరంగి పెట్టారు. రెండోది దానికి కాపలా వస్తున్న మన చిన్న యుద్ధనౌక, బెంగాల్. చిన్నదంటే నిజంగా చిన్నది. మందుపాతరలు ఏరివేయడానికి కట్టిన నౌక. అందులో ఉన్నవాళ్లు ఎక్కువమంది మన దేశపు నావికులు. దాని కెప్టెన్ విల్సన్ అనే రిజర్వు అధికారి. చేతి మీద అల్లిక పట్టీ ఉన్న మనిషి.

ఎదురుగా రెండు జపాను ఓడలు కనబడ్డాయి. హోకోకు మారు, ఐకోకు మారు. ఒక్కొక్కటి పది వేల టన్నుల పైమాటే. ఒక్కొక్కదాని మీద బోలెడు పెద్ద ఫిరంగులు. బెంగాల్‌కు వాటితో పోలికే లేదు.

విల్సన్ ఏం చేయాలి? పారిపోవచ్చు.  కానీ వెనక చమురు ఓడ ఉంది. అది నెమ్మదిగా నడిచే ఓడ. నువ్వు తప్పించుకుని పో అని ఒండినాకు కబురు చెప్పి, విల్సన్ తన నౌకను శత్రువు మీదికి తిప్పాడు. నేరుగా ఎదురు వెళ్లాడు. మన నావికులు ఫిరంగి పేలుస్తూనే ఉన్నారు.

ఒండినా మాత్రం తప్పించుకుని పోలేదు. సరుకు ఓడవాళ్లు కూడా తమ ఒకే ఒక్క ఫిరంగితో పేల్చడం మొదలుపెట్టారు. హోకోకు మారుకు దెబ్బ తగిలింది. మంటలు లేచాయి. ఆ ఓడ పేలి మునిగిపోయింది. పది వేల టన్నుల ఓడ, ఆ రెండు చిన్న ఫిరంగుల ముందు!

బెంగాల్ గుండ్లన్నీ అయిపోయే స్థితికి వచ్చింది. పొగ తెర వేసుకుని తప్పించుకుంది. ఒంటి నిండా దెబ్బలు, కానీ ఒక్క ప్రాణం పోలేదు. ఒండినా కథ ఇంకా కష్టమైంది. దాని కెప్టెన్ హోర్స్‌మన్ చనిపోయాడు. నావికులు పడవల్లోకి దిగారు. పడవల్లో ఉన్నవాళ్ల మీద కూడా శత్రువు తుపాకులు పేల్చాడు. ఇక ఓడ మునిగిపోతుందిలే అనుకుని వెళ్లిపోయాడు. కానీ ఓడ మునగలేదు. ఆ నావికులు మళ్లీ ఓడ ఎక్కారు. మంటలు ఆర్పారు. మరలు తిప్పారు. తమ ఓడను తామే నడుపుకుంటూ ఆస్ట్రేలియా రేవు చేర్చారు.

ఇందులో నాకు కనిపించేది ధైర్యం ఒక్కటే కాదు. పని. కాలుతున్న ఓడ ఎక్కి, ఎక్కడ ఏ గొట్టం ఉంది, ఏ కవాటం మూయాలి, ఏ తొట్టిలోకి నీరు నింపితే ఓడ నిటారుగా నిలుస్తుంది అన్నది తెలిసిన చేతులు. ధైర్యం ఉండి ఈ పని తెలియకపోతే ఆ ఓడ సముద్రం అడుగుకు పోయేది.

యుద్ధం ముగిసింది. కటారి రిజర్వు నుంచి పూర్తికాలపు నౌకాదళంలోకి వచ్చారు. దేశం స్వతంత్రమైంది. 1956లో మన యుద్ధనౌకల దండును నడిపిన మొదటి భారతీయుడు ఆయనే. 1958 ఏప్రిల్ 22న మొత్తం నౌకాదళ పగ్గాలు అందుకున్నారు. అప్పటిదాకా ఆ కుర్చీలో తెల్లవాళ్లే కూర్చున్నారు. స్వాతంత్ర్యం వచ్చి పదేళ్లు దాటినా సరే! ఆయన కాలంలోనే, 1961లో, మొదటి విమాన వాహక నౌక విక్రాంత్ మన దేశానికి వచ్చింది. ఆ ఏడాది డిసెంబరులోనే గోవా విముక్తి. 1962లో పదవీ విరమణ చేశారు. ఆ తర్వాతనే మన ఆర్టీసీ, ఆ పైన బర్మాలో భారత రాయబారి పదవి.

డఫరిన్ బడి పిల్లవాడు, హుగ్లీ కొలువు చేసినవాడు, రిజర్వు పట్టీ కట్టినవాడు, దేశానికి నౌకాదళాధిపతి అయ్యాడు. మరొకరి పేరు కూడా చెప్పుకోవాలి. 1971 యుద్ధంలో కరాచీ రేవు మీద మన క్షిపణి పడవలు విరుచుకుపడ్డప్పుడు నౌకాదళాధిపతి అడ్మిరల్ నందా. ఆయన కూడా 1941లో వాలంటీరు రిజర్వులోనే చేరారు. పెరిగింది కరాచీ రేవు పక్కనే. ఆ రేవు నీళ్లు ఆయనకు చిన్ననాటి నుంచి తెలుసు.

ఇక ఈనాటి సంగతి. ఇప్పుడు ఇట్లాంటివాళ్లు ఎట్లా పనిచేస్తారు?

అమెరికా సంగతి చూద్దాం, ఎందుకంటే అక్కడ ఈ ఏర్పాటు స్పష్టంగా ఉంది. వాళ్ల నౌకాదళ రిజర్వులో ఒక ప్రత్యేకమైన అధికారుల వర్గం ఉంది. అందులో ఉండాలంటే సరుకు ఓడలు నడిపే లైసెన్సు ఉండాలి. న్యూయార్కు దగ్గర కింగ్స్ పాయింట్‌లో ప్రభుత్వమే నడిపే వాణిజ్య నౌకా విద్యాలయం ఉంది. చదువు ఖర్చు చాలావరకు ప్రభుత్వానిదే. బదులుగా, చదువు పూర్తయ్యాక ఎనిమిదేళ్లు రిజర్వు అధికారిగా ఉంటానని పిల్లలు ఒప్పుకోవాలి.

ఆ అధికారి జీవితం ఎట్లా ఉంటుందో ఊహించుకోండి. సరుకు ఓడ మీద కొన్ని నెలలు. ఇనుప పెట్టెలు, చమురు, గోధుమ, ఏదైతే అది మోస్తూ దేశాలు తిరుగుతాడు. తర్వాత ఇంటి దగ్గర సెలవు. ఆ సెలవులో రెండు వారాలపాటు నౌకాదళ యూనిఫాం వేసుకుని శిక్షణకు వెళ్తాడు. అక్కడ నేర్చుకునేది ఓడ నడపడం కాదు, అది వచ్చు. ఓడలు గుంపుగా పోయేటప్పుడు వరుస తప్పకుండా ఎట్లా ఉండాలి, దీపాలు ఆర్పి ఎట్లా పోవాలి, నౌకాదళం మాట్లాడే సంకేతాలు ఏమిటి, నడిసముద్రంలో నడుస్తున్న యుద్ధనౌకకు పక్కనే నడుస్తూ గొట్టంతో ఇంధనం ఎట్లా అందించాలి, ఇవి నేర్చుకుంటాడు. ట్యాంకులు ఎక్కిస్తే ఏ అంతస్తులో ఎక్కడ పెట్టాలి, వాటిని గొలుసులతో ఎట్లా బిగించాలి, తుఫానులో ఒక గొలుసు తెగితే ఏమవుతుంది, ఇవి నేర్చుకుంటాడు.

మళ్లీ సరుకు ఓడ ఎక్కుతాడు. సైన్యం జీతం మీద బతకడం లేదు. కానీ సైన్యానికి తెలిసిన మనిషి. పిలిస్తే వస్తాడు.

అది సులువైన బతుకు అని నేను చెప్పను. నెలల తరబడి సముద్రం మీద ఉండి ఇంటికి వచ్చిన మనిషి, ఉన్న సెలవులో రెండు వారాలు మళ్లీ దేశానికి ఇవ్వడమంటే ఇంట్లోవాళ్లు కూడా ఇచ్చినట్టే. చిన్న పిల్లలు ఉంటే మరీ కష్టం. ఓడ కంపెనీ కూడా ఒప్పుకోవాలి. ఆ మనిషికి ఎంత గౌరవం ఇస్తామో, ఇంటి దగ్గర ఎదురుచూసే ఆ తల్లికి, ఆ భార్యకు అంత గౌరవం ఇవ్వాలి.

ఇంత కష్టపడి ఈ ఏర్పాటు ఎందుకు? ఎందుకంటే, యుద్ధం వచ్చినప్పుడు సైన్యానికి కావలసిన బరువంతా ఓడ మీదే పోతుంది. విమానంలో మనుషులు పోతారు. ట్యాంకు, ఫిరంగి, గుండు, బియ్యం, నీళ్లు, మందులు, ఇవన్నీ విమానాల మీద మోయలేం. 1982లో ఫాక్‌లాండ్ దీవుల కోసం బ్రిటను, అర్జెంటీనా పోరాడినప్పుడు బ్రిటను ఏం చేసింది? క్వీన్ ఎలిజబెత్ 2 అనే విలాస నౌకలో సైనికులను ఎక్కించింది. అట్లాంటిక్ కన్వేయర్ అనే సరుకు ఓడను హెలికాప్టర్లు, గుడారాలు మోయడానికి తీసుకుంది. ఆ సరుకు ఓడకు క్షిపణి తగిలింది. పన్నెండు మంది పోయారు. వాళ్లలో దాని కెప్టెన్ ఇయన్ నార్త్ కూడా ఉన్నాడు. సరుకు ఓడ నడుపుకునే మనిషి.

యుద్ధమే కానక్కర్లేదు. 2015లో యెమెన్‌లో బాంబులు పడుతుంటే అక్కడున్న మన భారతీయులను తీసుకురావడానికి మన యుద్ధనౌకలు వెళ్లాయి. వాటితోపాటు కొచ్చి నుంచి కవరత్తి, కోరల్స్ అనే రెండు ప్రయాణికుల నౌకలు కూడా బయలుదేరాయి. అవి రోజూ లక్షద్వీప్ దీవులకు జనాన్ని మోసే ఓడలు. సముద్రపు దొంగలు తిరిగే నీళ్లలోకి అవి వెళ్లాయి. నడిపింది మామూలు ఉద్యోగులే. పొట్ట చేతపట్టుకుని గల్ఫ్ దేశాలకు పోయిన బిడ్డలు ఉన్న తెలంగాణ పల్లెలకు ఈ మాట వేరే విడమరచి చెప్పనక్కర్లేదు. ఆపద వచ్చిన రోజున అక్కడి నుంచి ఇంటికి తెచ్చే ఓడను ఎవరో ఒకరు నడపాలి.

మన దేశంలో నేల మీది సైన్యానికి ఇట్లాంటి ఏర్పాటు బాగా ఉంది. దాని పేరు టెరిటోరియల్ ఆర్మీ. ప్రాదేశిక సైన్యం అంటారు. 1949 అక్టోబరు 9న అప్పటి గవర్నర్ జనరల్ రాజాజీ దాన్ని ప్రారంభించారు. అందులో అధికారి కావాలంటే ముందు ఒక షరతు. మీకు బతుకుతెరువు ఉండాలి. ఉద్యోగమో, వ్యాపారమో, సొంత పనో ఉండాలి. సైన్యాన్నే బతుకుతెరువు చేసుకోవాలనుకునేవాళ్లకు అది కాదు. డిగ్రీ ఉండాలి, వయసు 18 నుంచి 42 లోపు ఉండాలి. రాత పరీక్ష, ఇంటర్వ్యూ, ఆరోగ్య పరీక్ష దాటాలి. ఆ తర్వాత ఏడాదికి రెండు నెలలు శిక్షణ. మిగతా కాలం మీ పని మీరు చేసుకోవచ్చు. అవసరమైతే పిలుస్తారు. 2025 మేలో పాకిస్తానుతో ఉద్రిక్తత పెరిగినప్పుడు, అట్లా పిలిచే అధికారాన్ని కేంద్రం సైన్యాధిపతికి ఇచ్చింది.

క్రికెటర్ ధోనీ, సినీ నటుడు మోహన్‌లాల్ లాంటివాళ్లకు ఇచ్చినవి గౌరవ హోదాలు. పరీక్ష రాసి, ఇంటర్వ్యూ దాటి వచ్చినవాళ్లు వేరు. సచిన్ పైలట్ 2012లో అట్లా వచ్చారు, అప్పటికి ఆయన కేంద్ర మంత్రి. టీచర్లు, ఇంజినీర్లు, వకీళ్లు, వ్యాపారులు ఎందరో ఉన్నారు. సికిందరాబాదులోనే ప్రాదేశిక సైన్యపు పటాలం ఒకటి ఉంది. మన నల్లగొండకు ఎంత దూరం? బస్సెక్కితే పూట ప్రయాణం కూడా కాదు.

ఆ సైన్యంలో నాకు బాగా నచ్చిన సంగతి ఇంకొకటి ఉంది. రైల్వే ఉద్యోగుల పటాలాలు, చమురు కంపెనీల ఉద్యోగుల పటాలాలు అందులో ఉంటూ వచ్చాయి. రైలు నడపడం వచ్చినవాళ్లే యూనిఫాం వేసుకుని రైలు నడుపుతారు. చమురు శుద్ధి తెలిసినవాళ్లే యూనిఫాం వేసుకుని ఆ పని చేస్తారు. యుద్ధమైనా సమ్మె అయినా బండ్లు ఆగకూడదు, ఇంధనం ఆగకూడదు. అదే పద్ధతి సముద్రం మీద కూడా అంతే విస్తారంగా ఉండాలని నేను గట్టిగా అనుకుంటాను. ప్రపంచంలోని సరుకు ఓడల మీద మన దేశపు అధికారులు, నావికులు పెద్ద సంఖ్యలో పనిచేస్తున్నారు. ఇంత నైపుణ్యం మన ఇళ్లలోనే ఉంది. ఓడ దిగి సెలవుకు వచ్చిన ఇంజినీరును, ఏడాదికి రెండు వారాలు మాకు ఇవ్వు, యూనిఫాం ఇస్తాం, హోదా ఇస్తాం, నీ ఇంటిని మేం చూసుకుంటాం అని దేశం అడగాలి. అడిగితే రానివాళ్లు తక్కువ అని నా నమ్మకం. కటారి తరం వచ్చింది కదా!

ఇప్పుడు ఈ ప్రసంగం వింటున్న తల్లిదండ్రులకు, ఇంటర్ చదువుతున్న పిల్లలకు నాలుగు పనికొచ్చే మాటలు. నిదానంగా చెప్తాను.

రిజర్వు సంగతి తర్వాత. ముందు ఓడ పని చేతికి రావాలి. దానికి దారి ఇంటర్‌లో ఎంపీసీ. లెక్కలు, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం. వాటిలో 60 శాతం మార్కులు. ఇంగ్లీషులో 50 శాతం. చెన్నైలో ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ ఉంది, కేంద్ర ప్రభుత్వానిది, 2008లో పెట్టారు. విశాఖపట్నంలో కూడా దాని క్యాంపస్ ఉంది. దేశం మొత్తానికి కలిపి ఒక ప్రవేశ పరీక్ష పెడతారు. ఓడ నడిపే వైపు ఒక చదువు, ఓడ ఇంజను వైపు ఒక చదువు. నడిపే వైపు వెళ్లాలంటే కళ్లద్దాలు లేకుండా చూపు సరిగ్గా ఉండాలి. రంగులు గుర్తుపట్టగలగాలి, ఎందుకంటే రాత్రి ఎదురొచ్చే ఓడ ఎరుపు దీపం చూపిస్తోందా, ఆకుపచ్చ దీపం చూపిస్తోందా అన్నదాన్ని బట్టే పక్కకు తప్పుకోవాలి. అందుకని ఫీజు కట్టకముందే కంటి పరీక్ష చేయించండి. మళ్లీ చెప్తున్నాను. ఫీజు కట్టకముందే కంటి పరీక్ష.

అమ్మాయిలు కూడా ఈ చదువులో చేరవచ్చు, చేరుతున్నారు. ఆడపిల్లకు ఓడ ఎందుకు అనే మాట మన ఇళ్లలో రాకూడదని నా కోరిక.

ఇంకొక మాట, బాధతో చెప్పాల్సిన మాట. ఓడ ఉద్యోగం ఇప్పిస్తానని లక్షలు తీసుకుని ముఖం చాటేసే ఏజెంట్లు ఉన్నారు. పొలం అమ్మి, బంగారం కుదువపెట్టి ఇచ్చిన డబ్బు అది. కొందరు పిల్లలను ఏదో దేశం పంపి, కాగితాలు సరిగా లేని పాత ఓడ ఎక్కించి వదిలేస్తారు. జీతం రాదు, తిరిగి రావడానికి దారి ఉండదు. దీనికి ఒక కాపుదల ఉంది, వినండి. నావికులను ఉద్యోగంలో పెట్టే సంస్థకు కేంద్ర ప్రభుత్వపు షిప్పింగ్ డైరెక్టరేట్ ఇచ్చిన లైసెన్సు తప్పకుండా ఉండాలి. ఆ డైరెక్టరేట్ ముంబైలో ఉంది. లైసెన్సు ఉన్న సంస్థల జాబితా వాళ్ల వెబ్‌సైట్‌లో అందరికీ కనిపించేలా ఉంటుంది. మీ ఊరి మీసేవ కేంద్రంలో అయినా తెరిపించి చూడవచ్చు. ఇంకా ముఖ్యమైనది, ఉద్యోగం ఇప్పించినందుకు నావికుడి దగ్గర ఫీజు తీసుకోకూడదని చట్టం చెప్తోంది. అంటే, ఓడ ఉద్యోగానికి డబ్బు అడిగాడంటే అతను చట్టం తప్పినట్టే. లైసెన్సు నంబరు అడగండి. ఇవ్వకపోతే అక్కడే లేచి వచ్చేయండి. అప్పటికే డబ్బు కట్టి ఉంటే సిగ్గుపడకండి, దాచుకోకండి, రసీదులు పట్టుకుని పోలీస్ స్టేషన్‌కు వెళ్లండి, ఆ షిప్పింగ్ డైరెక్టరేట్‌కు కూడా ఫిర్యాదు రాయండి.